తెలుగు మాస్టార్లు నెలకోసారి కలిసి సిలబస్ చూసుకోవాలంటే: జూన్ నుంచి మార్చి దాకా

కాంప్లెక్స్ మీటింగ్, అంటే చుట్టుపక్కల బడుల టీచర్లంతా ఒకచోట కలిసే మీటింగ్, ఎలా ఉంటుందో ఉద్యోగంలో ఉన్నవాళ్లకి చెప్పనక్కర్లేదు. పొద్దున్నే రిజిస్టర్లో సంతకం. ఎవరో పంపిన పీపీటీ, దాన్ని మనతోపాటే మొదటిసారి చూస్తున్న ఆర్‌పి (శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్). మధ్యలో టీ. మధ్యాహ్నం అజెండాలో ‘చర్చ’ అని ఉంటుంది. అప్పుడు వెనక బెంచీలోంచి ఒకరు, "ఆరో తరగతికొచ్చిన పిల్లాడికి ఒత్తులు రావు, మనం వాడికి సంధులు చెప్పాలట మాస్టారూ" అంటారు. అందరం తలూపుతాం. ఇంకొకరు ప్రైమరీ వాళ్లని నాలుగు మాటలంటారు. నాలుగున్నర బస్సుకి టైమవుతుంది, లేచిపోతాం.

ఇలా పదిహేనేళ్లు తలూపిన తర్వాత మేం తొమ్మిదిమంది తెలుగు టీచర్లం, విజయనగరం వైపు ఒక మండలంలో, నెలకి రెండు గంటలు విడిగా కూర్చోవడం మొదలుపెట్టాం. నాలుగేళ్లవుతోంది. మధ్యలో రెండుసార్లు ఆగిపోయింది, ఒకసారి నా వల్లే. ఎలా మొదలుపెట్టాలి, ఎక్కడ తేడా కొడుతుంది అని పక్క మండలాల వాళ్లు అడుగుతుంటే, ప్రతిసారీ ఫోన్లో చెప్పడం కంటే ఒకచోట రాసి పెట్టడం నయమనిపించింది.

మొదలుపెట్టే ముందు బోర్డు మీద ఒక గీత

మొదటి మీటింగులో బోర్డు మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమవైపు ‘మన చేతిలో ఉన్నవి’, కుడివైపు ‘పైవాళ్ల చేతిలో ఉన్నవి’ అని రాయండి. పాఠ్యపుస్తకం తయారుచేసేది ఎస్‌సీఈఆర్‌టీ, అంటే రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ మండలి. పరీక్ష తేదీలు పైనుంచి వస్తాయి. గడువులోగా సిలబస్ పూర్తి చేయడం టీచరు బాధ్యత అని విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్‌లోనే ఉంది. ఇవన్నీ కుడివైపుకి పోతాయి.

ఎడమవైపు మొదట ఎవరికీ ఏమీ తట్టదు. కాసేపాగండి, ఒక్కొక్కటే వస్తుంది. ఏ పాఠానికి ఎన్ని పీరియడ్లు, ఏ అభ్యాసం క్లాసులో చేయించాలి, ఏది ఇంటికివ్వాలి, ప్రాజెక్టు పనిగా ఏమివ్వాలి, నోటుబుక్కు ఎలా దిద్దాలి, పద్యం ముందు పాడాలా ముందు అర్థం చెప్పాలా, వ్యాకరణం పాఠం చివర చెప్పాలా మధ్యలోనా. మాకు ఎడమవైపు పదిహేడు వచ్చాయి. కుడివైపు ఆరే. అప్పటిదాకా మేం చర్చ అనుకుంటున్నదంతా ఆ ఆరింటి గురించే.

కుడివైపు వాటిని చెరిపేయకండి. వాటికి వేరే దారి ఉంది, తర్వాత చెబుతాను. మీటింగులో మాత్రం రెండు గంటలూ ఎడమవైపే కూర్చోవాలి. కబుర్లు కుడివైపుకి జారినప్పుడు "గీత దాటాం" అనే పని ఒకరికి అప్పగించండి. మా దగ్గర ఆ పని ఒక మేడమ్‌ది. ఆవిడ మాట ఎత్తకుండా చాక్‌పీసు చూపిస్తారు, సరిపోతుంది.

ఎవరిని పిలవాలి

ఆరు నుంచి పదిమంది. పన్నెండు దాటితే ఒకరు ఉపన్యాసం ఇస్తారు, మిగతావాళ్లు ఫోన్లు చూసుకుంటారు.

హైస్కూలు తెలుగు స్కూల్ అసిస్టెంట్లు, పండితులు ఎలాగూ ఉంటారు. కేజీబీవీలోనో (కస్తూర్బా బాలికల విద్యాలయం) గురుకులంలోనో పనిచేసేవాళ్లు దగ్గర్లో ఉంటే వాళ్లనీ పిలవండి. హాస్టల్లో పిల్లలు సాయంత్రం ఏం చదువుతారో మనకి తెలియనిది వాళ్లకి తెలుసు. తప్పనిసరిగా ఉండాల్సింది మాత్రం ఐదో తరగతి చెప్పే ఎస్‌జీటీ, అంటే ప్రైమరీ బడి టీచరు, ఒకరు. ఆయన గదిలో ఉంటే ప్రైమరీ వాళ్లని తిట్టడం ఆగిపోతుంది. అంతకంటే పెద్ద లాభం, ఆరో తరగతి పుస్తకం ఆయన చేతిలో పెట్టి "మీ పిల్లలు దీన్ని ఎంతవరకు చదవగలరు?" అని అడగొచ్చు. మా ఎస్‌జీటీ మాస్టారు మొదటి పేజీ చూసి, "పదాలు చదువుతారు సార్, ఈ వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతారు" అన్నారు. ఆ ఒక్క మాట మీద మూడు మీటింగులు నడిచాయి.

ఇంగ్లిషు టీచరో హిందీ టీచరో ఒకరుండటం మంచిది. తెలుగులో నోరు విప్పని పిల్లవాడు హిందీ పీరియడ్లో గలగలా మాట్లాడతాడని ఒకసారి తెలిసింది. అక్కడ పాటతో మొదలుపెడుతున్నారట. ‘తెలుగు మీటింగులో వేరే సబ్జెక్టు వాళ్లెందుకు’ అని ఎవరైనా సణిగితే గిడుగు రామమూర్తిగారిని గుర్తు చేయండి. పర్లాకిమిడిలో ఆయన పిల్లలకి చెప్పిన సబ్జెక్టు చరిత్ర.

హెచ్‌ఎంకి, ఎంఈఓకి (మండల విద్యాధికారి) ముందే చెప్పి అనుమతి తీసుకోండి. అధ్యక్షత వహించమని మాత్రం పిలవకండి. పెద్దవాళ్లు కుర్చీలో కూర్చున్నాక "మా పిల్లలకి ఇది రావడం లేదు" అని ఎవరూ నోరు తెరవరు. మర్యాదకు లోటు రాకుండా చేయాలంటే మీటింగయ్యాక ఒక పేజీ తీసుకెళ్లి చూపించండి, అది చాలు.

ఎప్పుడు, ఎక్కడ

రెండో శనివారం పెట్టకండి. మొదటి నెల ఉత్సాహంగా వస్తారు, రెండో నెల సగం మంది, మూడో నెల పెళ్లిళ్లు. కాంప్లెక్స్ మీటింగ్ రోజునే, మధ్యాహ్నం సెషన్‌లో మీ సబ్జెక్టు వాళ్లకి రెండు గంటలు విడిగా ఇమ్మని అడగండి. అడగడానికి ఆధారం ఉంది. స్కూల్ కాంప్లెక్స్ అన్న ఆలోచనే 1964-66 నాటి కొఠారీ కమిషన్ నుంచి ఉంది, పక్కపక్క బడులు ఒకరికొకరు సాయపడాలనే. 2020 జాతీయ విద్యావిధానం టీచరుకి ఏడాదికి 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంది. నెలకి రెండు గంటలంటే ఏడాదికి ఇరవై కూడా దాటదు.

దూరం నుంచి బస్సులో వచ్చే మేడమ్‌లు ఉంటారు. ముగింపు సమయం ముందే చెప్పి, ఆ టైముకి కచ్చితంగా ముగించండి. టీ ఖర్చు తలా ఇరవై. ఒకరే పెట్టుకుంటే రెండు నెలలకి అది వాళ్ల మీటింగ్ అయిపోతుంది.

ఒక్క ప్రశ్న

ప్రతి మీటింగుకీ ఒకే ప్రశ్న. ‘భాషా నైపుణ్యాల పెంపుదల – సమస్యలు, పరిష్కారాలు’ లాంటివి ప్రశ్నలు కావు, సావనీర్ వ్యాసాలకి శీర్షికలు. మంచి ప్రశ్నని గుర్తుపట్టడం ఎలాగంటే, పిల్లల నోటుబుక్కులు ముందు పెట్టుకుంటే దానికి జవాబు దొరకాలి.

మేం వేసుకున్నవి కొన్ని: ఎనిమిదో తరగతి పిల్లలు తమకి జరిగిన సంఘటన పది వాక్యాల్లో రాయమంటే ఎక్కడ ఆగిపోతున్నారు? పాఠంలో లేని పేరా ఇస్తే ఏ రకం ప్రశ్నకి జవాబు రాయలేకపోతున్నారు? మనం ఎర్రసిరాతో దిద్దింది పిల్లలు మళ్లీ చూస్తున్నారా? ఈ చివరి దానికి జవాబు దొరకడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. చూడటం లేదు.

ప్రశ్న పదిహేను రోజుల ముందే తేలాలి. ఎందుకంటే దాని వెంబడే పనుంది.

నోటుబుక్కులు తెచ్చుకోవడం

ఇదే అసలు సంగతి. మిగతావన్నీ కాస్త అటూఇటూ అయినా నడుస్తుంది, ఇది లేకపోతే మీటింగ్ మళ్లీ వెనక బెంచీ కబుర్లకే చేరుతుంది.

అన్ని బడుల్లోనూ ఒకే తరగతికి, ఒకే వారంలో, ఒకే పని ఇవ్వండి. బోర్డు మీద రాసే సూచన కూడా అక్షరం మారకూడదు. మొదటిసారి మేం ఇది పట్టించుకోలేదు. ఒకరు ‘మీకు భయం వేసిన సంఘటన రాయండి’ అన్నారు, ఇంకొకరు ‘భయం గురించి రాయండి’ అన్నారు. రెండో బడిలో పిల్లలందరూ ‘భయం మంచిది కాదు’ అని నీతివాక్యాలు రాశారు. తప్పు పిల్లలది కాదు.

ఒక్కొక్కరు ఐదు నోటుబుక్కులు తేవాలి. బాగా రాసేవాళ్లవి రెండు, మధ్యస్థంగా రాసేవి రెండు, కష్టపడుతున్నవాళ్లది ఒకటి. మొహమాటానికి అందరూ మంచివే తెస్తారు, అందుకే లెక్క ముందే చెప్పాలి. దిద్దకుండా తేవాలి. ఎర్రసిరా కనిపిస్తే కళ్లు అటే పోతాయి, పిల్లవాడు ఏం రాశాడో చదవం. పేరు, బడి కనిపించకుండా అట్ట మీద కాగితం అతికించాలి. ఫోటోలు తీసి గ్రూపులో పెట్టకూడదు. ఇది గట్టి నియమం, ఎవరికీ మినహాయింపు లేదు.

రెండు గంటలు ఎలా గడపాలి

మొదటి ఇరవై నిమిషాలు మాటల్లేవు. నోటుబుక్కులు చేతులు మారుతుంటాయి, అందరూ చదువుతారు. తెలుగు టీచర్లని ఇరవై నిమిషాలు మాట్లాడకుండా కూర్చోబెట్టడం తేలిక కాదు, మొదట్లో నవ్వులొస్తాయి. అలవాటవుతుంది.

తర్వాత అరగంట ‘ఏం కనిపించింది’ మాత్రమే. ‘ఎందుకు’ అని గానీ, ‘ఏం చేయాలి’ అని గానీ అప్పుడే పోకూడదు. సర్వీసు తక్కువ ఉన్నవాళ్లు ముందు మాట్లాడాలి. పెద్ద పండితులు ముందు చెప్పేస్తే కొత్తగా డీఎస్సీలో వచ్చిన అమ్మాయి "అవునండీ, గురువుగారు చెప్పినట్టే" అనేసి ఊరుకుంటుంది. పెద్దవాళ్లకి దీన్ని చిన్నతనంగా అనిపించకుండా చెప్పొచ్చు: "మీరు చివర్లో అన్నీ కలిపి చెప్పాలి మాస్టారూ" అంటే సంతోషంగా ఒప్పుకుంటారు.

ఇక ఒక నోటుబుక్కు చూద్దాం. ఎనిమిదో తరగతి, సంఘటన రాయమన్న పని. పిల్లవాడు రాసింది ఇది:

‘మా అమ్మమ్మోలూరు ఎల్లినాం. తాత సెరువులో సేపలు పట్టినాడు. నాను బయపడి గట్టు మీద కూకున్నాను. తాత నవి ఏటి బయం అన్నాడు.’

నాలుగే వాక్యాలు. మా పెద్ద మాస్టారు పెన్ను తీసి తప్పులు లెక్కపెట్టారు. ఎల్లినాం, సెరువు, సేపలు, నాను, బయపడి, కూకున్నాను, నవి, మళ్లీ బయం. "ఎనిమిది. వాక్యానికి రెండు" అన్నారు. కొత్త మేడమ్ మెల్లగా, "మాస్టారూ, మిగతా నోటుబుక్కుల్లో చెరువు ఉంది గానీ గట్టు లేదండీ. వీడు గట్టు మీద కూర్చున్నాడు, తాత నవ్వాడు. నాకు కనిపిస్తోంది" అంది. గది కాసేపు నిశ్శబ్దం.

ఇలాంటిచోట ఎవరిది రైటు అని ఓటింగు పెట్టకండి. బోర్డు మీద మూడు గడులు గీయండి. ఒకటి ‘ఇంటి మాట’, రెండు ‘రాత పొరపాటు’, మూడు ‘వాక్యం తెగడం’. ఆ ఎనిమిదింటినీ గడుల్లో వేయమనండి. ఎల్లినాం, సెరువు, సేపలు, నాను, కూకున్నాను మొదటి గడిలోకి పోయాయి. ఇంట్లో అందరూ అనే మాటలే. ‘నవి’ రెండో గడిలోకి. ‘నవ్వి’ అని వాడికి నోటితో వచ్చు, చేతికి వత్తు రాలేదు. ‘బయం’ దగ్గర గొడవైంది. భయం అని పలికేది ఎవరు, మనలోనే సగం మంది బయం అంటాం, విన్నదే రాశాడు అని కొందరు. పుస్తకంలో రోజూ చూస్తున్న మాటే కదా అని కొందరు. చివరికి రెండు గడుల మధ్య గీత మీద రాశాం. మూడో గడి ఖాళీ. వాక్యం ఒక్కటీ తెగలేదు, వరస తప్పలేదు.

ఇలా గడుల్లో పడ్డాక ఏం చేయాలో దాదాపు అదే చెబుతుంది. రెండో గడికి డిక్టేషన్ పనికొస్తుంది. మొదటి గడికి డిక్టేషన్ దండగ, ఎర్రసిరా ఇంకా దండగ. అక్కడ కావాల్సింది నోటుబుక్కు వెనక పేజీలో ‘ఇంట్లో అంటాం – పుస్తకంలో రాస్తాం’ అని రెండు వరసలు, పిల్లవాడే పట్టుకుని రాసుకునేవి. మూడో గడి నిండినవాళ్లకి రాత కంటే ముందు మాట కావాలి, జరిగింది పక్కవాడికి వరసగా చెప్పడం రావాలి.

పెద్ద మాస్టారు వెంటనే ఒప్పుకోలేదు. "పబ్లిక్‌లో పేపరు దిద్దేవాడికి ఈ తాత తెలీదమ్మా" అన్నారు. అదీ నిజమే. అందుకని నిర్ణయం కాకుండా ప్రయత్నం రాసుకున్నాం. మూడు బడుల్లో నెలరోజులు మొదటి గడి మాటలకి ఎర్రసిరా పెట్టం, వెనక పేజీ రాయిస్తాం, వచ్చే నెల చూద్దాం అని.

ఆ రోజే ఇంకొకటి జరిగింది. ఒక్క తప్పూ లేని నోటుబుక్కులు మూడు వచ్చాయి, వేరేవేరే బడులవి. మూడింట్లోనూ సంక్రాంతికి ఊరెళ్లిన సంఘటన, మూడింట్లోనూ ఒకే వాక్యాలు. ఏదో గైడులోవి. పేర్ల మీద కాగితం ఉంది కాబట్టి సరిపోయింది. ఆ మూడింటి ముందు మేం కూర్చున్నంత ఇబ్బందిగా ఆ తాత చేపల ముందు కూర్చోలేదు.

ఇంటి మాటకీ బడి మాటకీ మధ్య ఈ తగవు కొత్తది కాదు, అది మొదలైంది కూడా మా వైపే. 1910ల మొదట్లో విశాఖపట్నం ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్ బోధన సంస్కరణ కోసం ఒక సంఘం పెట్టారు. పిల్లలకి తెలుగు ఎలా చెప్పాలన్నది అందులో ఒక ముఖ్యాంశం. గిడుగు, గురజాడ, స్కూళ్ల ఇన్‌స్పెక్టరు జె.ఎ. యేట్స్ అందులో కలిశారు. జనం మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకాల్లో ఉన్నది ఇంకొకటి, ఎందుకిలా అని యేట్స్ అడగడం ఆ కదలికకి ఒక కారణం. ఆగస్టు 29న గిడుగు జయంతికి బడిలో దండేసి ఉపన్యాసాలిస్తాం. ఆ నెల మీటింగు ఇలాంటి నోటుబుక్కులతో పెట్టుకోండి, దండతోపాటు.

చివరి పావుగంట రాతకి వదిలిపెట్టండి. నాలుగు గీతలు చాలు: ఏం చూశాం, ఏం ప్రయత్నిస్తాం, ఎవరు, ఎప్పటికి. ‘తీర్మానించడమైనది’ అన్న మాట వాడకండి. ఆ మాట రాశాక ఆ పని ఎవరూ చేయరు.

ఆరు నుంచి పది దాకా ఒకే చార్టు

ఇది నెలవారీ పని కాదు. ఏడాదికోసారి, జూన్‌లో సగం రోజు దొరికితే చాలు. మన దగ్గర ఎనిమిది చెప్పేవాళ్లు ఎనిమిది పుస్తకమే చూస్తారు. ఐదు పుస్తకాలూ ఒకేసారి బల్ల మీద పెట్టుకుని చూసినవాళ్లు తక్కువ.

పెద్ద చార్టు మీద ఆరు నుంచి పది దాకా ఐదు నిలువు గడులు. అడ్డంగా నాలుగు వరసలు: చదివే రకాలు, స్వీయరచన రూపాలు, పదజాలం పనులు, వ్యాకరణం. ఒక్కొక్క పుస్తకం ఇద్దరు తీసుకుని పాఠాల చివర అభ్యాసాలన్నీ చూసి గడులు నింపుతారు. పాఠం పేర్లు అవసరం లేదు, ఏ పని చేయిస్తోందన్నదే కావాలి. నిండాక అందరూ నాలుగడుగులు వెనక్కి జరిగి చూడండి. కొన్ని మూడు తరగతుల్లో మళ్లీ మళ్లీ వస్తుంటాయి, మూడుసార్లూ మనం మొదటిసారిలాగే చెబుతుంటాం. కొన్ని ఒకసారి వచ్చి మాయమవుతాయి.

ఛందస్సు ఒక్కటి తీసుకోండి. ఉత్పలమాలకి గణాలు భరనభభరవ అని, చంపకమాలకి నజభజజజర అని పిల్లలు గుక్కతిప్పుకోకుండా చెబుతారు. యతి పదో అక్షరం, పదకొండో అక్షరం అనీ చెబుతారు. పద్యపాదం ఇచ్చి గురువు, లఘువు గుర్తు పెట్టమంటే సంయుక్తాక్షరం ముందున్న అక్షరం దగ్గర దొరికిపోతారు. అది కింది తరగతిలో చెవికి పట్టాల్సిన విషయం. చార్టు చూశాక మేం చేసిందల్లా, ఆ పనిని రెండేళ్ల ముందే, కింది తరగతిలోనే మొదలుపెట్టాం. గురువు, లఘువు అన్న మాటలు ఎత్తకుండా ఊరికే పిల్లల పేర్లకి చప్పట్లు. లఘువుకి ఒక చప్పట, గురువుకి చప్పట కొట్టి చేయి ఆపడం. ‘రమ’ ఎలా, ‘లక్ష్మి’ ఎలా. గణాలు గుర్తుపెట్టుకునే సూత్రం యమాతారాజభానసలగం రెండేళ్ల తర్వాత వచ్చినప్పుడు, వాళ్లకి తెలిసిన విషయానికే పేరు పెడుతున్నట్టుంటుంది. పుస్తకంలో అక్షరం మార్చలేదు, ఎవరి అనుమతీ అడగలేదు.

అదే రోజు పీరియడ్ల లెక్క కూడా తేల్చుకోండి. ఆరు నుంచి ఎనిమిది తరగతులకి ఏడాదికి కనీసం 220 పనిదినాలు, 1,000 బోధన గంటలు ఉండాలని విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో ఉంది. పోయినేడాది మీ డైరీలు తీసి, తెలుగు పీరియడ్ నిజంగా జరిగినవి ఎన్నో లెక్కపెట్టండి. పరీక్షలు, ఆటల పోటీలు, వానలు, ట్రైనింగులు పోగా మిగిలిన అంకె మీద వార్షిక ప్రణాళిక వేయండి. కాగితం మీది 220 మీద వేసిన ప్రణాళికే ఫిబ్రవరిలో టెన్షన్ పెట్టేది.

తెలంగాణలో 2018 చట్టం వచ్చాక సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ బడుల్లోనూ తెలుగు తప్పనిసరైంది. అక్కడి టీచర్లకి ఇంట్లో హిందీయో మరాఠీయో మాట్లాడే పిల్లలుంటారు. వాళ్ల చార్టుకి ఇంకో వరస కావాలి, ‘వినడం, మాట్లాడటం’ అని, అన్నిటికంటే పైన. అమెరికాలో వారాంతపు తెలుగు బడుల్లో చెప్పే వలంటీర్లకి కూడా ఇంతే. పిల్లకి అమ్మ అన్నది అర్థమవుతుంది, జవాబు ఇంగ్లిషులో వస్తుంది. వాళ్లు మీటింగుకి నోటుబుక్కు బదులు తల్లిదండ్రుల అనుమతితో రెండు నిమిషాల రికార్డింగు తెచ్చుకుంటే సరి.

ప్రశ్నపత్రాన్ని చదవడం

అర్ధసంవత్సరం పరీక్షలయ్యాక ఒక మీటింగు దీనికి. సిలబస్ ఏం చెప్పినా, పిల్లలు నేర్చుకునేది పేపరు అడిగిందే. ప్రతి ప్రశ్న పక్కనా ఒక అక్షరం వేయండి. బట్టీతో రాయగలిగితే ‘బ’, ఇచ్చినది చదివి రాయాల్సి వస్తే ‘చ’, సొంతంగా రాయాల్సి వస్తే ‘సొ’. మార్కులు కూడండి.

అక్షరం వేయడంలో గొడవలొస్తాయి, రానివ్వండి. ‘మీ మిత్రుడికి లేఖ రాయండి’ సొంత రాతే అని నేనన్నాను. "గైడులో ఆ లేఖ ఉందా లేదా?" అని అడిగింది కొత్త మేడమ్. ఉంది. ‘బ’ పడింది. అదే లేఖని ‘నువ్వు పారేసుకున్న వస్తువు గురించి’ అని మారిస్తే ‘సొ’ అవుతుంది. పబ్లిక్ పేపరు మన చేతిలో లేదు గానీ క్లాసులో పెట్టే స్లిప్ టెస్టులు మనవే.

కలిసి ఒక పాఠం

జపాన్‌లో టీచర్లకి ఒక పాత అలవాటుంది, వందేళ్ల పైబడింది. కొందరు కలిసి ఒక్క పాఠానికి ప్రణాళిక వేస్తారు, ఒకరు చెబుతారు, మిగతావాళ్లు వెనక కూర్చుని చూస్తారు, తర్వాత మాట్లాడుకుంటారు. దాన్ని వాళ్లు జుగ్యో కెన్‌క్యూ అంటారు. మనకి ఏడాదికి రెండుసార్లు కుదిరినా గొప్పే.

కిటుకు ఒకటే. చూసేవాళ్లు టీచర్ని చూడకూడదు. ఒక్కొక్కరు ఇద్దరేసి పిల్లల్ని ఎంచుకుని పీరియడంతా వాళ్లనే చూడాలి. పుస్తకం ఎప్పుడు తెరిచారు, ఎప్పుడు కిటికీ వైపు చూశారు, పక్కవాడిని ఏమడిగారు. తర్వాత చర్చలో పాఠం చెప్పినవాళ్లు ముందు మాట్లాడాలి. "చాలా బాగా చెప్పారు మేడమ్" అన్న మాట నిషేధం. "రెండో బెంచీ అమ్మాయి పద్యం రెండోసారి పాడినప్పుడు పెదాలు కదిపింది" లాంటివి చెప్పాలి.

నేను చేసిన పొరపాటు

రెండో ఏడాది నాకు హుషారెక్కువై, బడులవారీగా మార్కుల పట్టిక వేసుకొచ్చాను. ఎవరి బడి ఎక్కడుందో ఒక్క చూపులో తెలిసిపోతుంది. ఎవరూ ఏమనలేదు. కింది వరసలో ఉన్న బడి మాస్టారు టీ తాగి వెళ్లిపోయారు, ఆ తర్వాత మూడు నెలలు రాలేదు. ఆయనతోపాటు ఇంకో ఇద్దరు తగ్గారు, మీటింగే ఆగిపోయింది. ఇంటికెళ్లి మాట్లాడితే ఆయన ఒక్కటే అన్నారు: "అది చూపించడానికి ఆఫీసుంది కదా బాబూ." పట్టిక చింపేశాను. మీరు అసలు వేయకండి.

కుడివైపు వాటికి దారి

బోర్డు మీద గీతకి కుడివైపు ఉన్నవి మార్చి దాకా దాచి, ఒక పేజీ రాసి హెచ్‌ఎం ద్వారా ఎంఈఓకి, డైట్‌కి (జిల్లా టీచర్ల శిక్షణ సంస్థ) పంపండి. పాఠ్యపుస్తకాల కమిటీల్లో పనిచేసే టీచర్లు ఉంటారు, రాసింది పనికొచ్చేలా ఉంటే చదువుతారు. ‘సిలబస్ భారం తగ్గించాలి’ అని రాస్తే బుట్టలోకే. తరగతి, పాఠం, పేజీ, ఏ అభ్యాసం, ఎన్ని బడుల్లో ఎంతమంది పిల్లలతో చేయించి చూశాం, ఎక్కడ ఆగారు, దాని బదులు ఏముంటే బాగుంటుంది. ఈ వరసలో మూడు అంశాలకి మించకుండా.

వాట్సాప్ గ్రూపు గురించి ఎక్కువ చెప్పను. శుభోదయాలు, పండగ బొమ్మలు పెట్టకూడదు. తేదీ, ప్రశ్న, పిల్లలకిచ్చే పని, ఇంతే.

మార్చి మీటింగు

ఆగస్టులో ఇచ్చిన పనినే, అవే మాటలతో, ఫిబ్రవరిలో మళ్లీ ఇవ్వండి. పాత నోటుబుక్కు, కొత్తది పక్కపక్కన పెట్టి చదవండి. ఈ పని కోసం పాతవాటిని పిల్లల దగ్గర అడిగి తీసుకుని బీరువాలో దాచాలి, లేకపోతే దీపావళికే అవి పాత పేపర్లలో కలిసిపోతాయి.

తాత చేపలు పట్టిన పిల్లవాడు ఈసారి పదకొండు వాక్యాలు రాశాడు, అదే ఊరు, ఈసారి తాటిచెట్టు. వెళ్లాం, కూర్చున్నాను అని రాశాడు. చెరువు ఇంకా సెరువే. తాత మాట మాత్రం కొటేషన్లో పెట్టాడు: "ఏటిరా, సెట్టెక్కుతావేటి?" నోటుబుక్కు చేతులు మారి మా పెద్ద మాస్టారి దగ్గరకెళ్లింది. ఆయన పెన్ను మూత తీసి చాలాసేపు చూశారు. సెరువు కింద సన్నగా గీత పెట్టారు. తాత మాట దగ్గర పెన్ను ఆపి, "ఇది తాతన్నది, వాడన్నది కాదు" అని పక్కవాళ్లకి పంపించారు.